ఇంటికి తీసుకెళ్ళండి అన్న తరువాత

తలకు దెబ్బ తగిలో, మెదడులో రక్తనాళం చిట్లో స్పృహ తప్పిన మనిషిని బతికించుకోవడానికి ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఈ పాతికేళ్ళలో కొంత ఏర్పాటు సమకూరింది. 2000లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. 2001లో బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో సత్యసాయి ఆసుపత్రి తెరుచుకుని, పైసా తీసుకోకుండా మెదడు ఆపరేషన్లు మొదలుపెట్టింది. 2005లో 108 అంబులెన్సులు, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాయి. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి మొదటి ఏడు రోజులు లక్షన్నర రూపాయల దాకా నగదు రహిత చికిత్స అందించే పథకాన్ని 2025 మేలో కేంద్రం నోటిఫై చేసింది. 44వ నంబరు జాతీయ రహదారి నడుమ నుంచి పోయే జిల్లాకు ఇవన్నీ అవసరమైనవే.

కానీ ఇవన్నీ ప్రాణం నిలిచేదాకానే. ప్రాణం నిలిచి, కళ్ళు తెరిచి, మాట లేక, కన్నబిడ్డలను గుర్తుపట్టక పడుకున్న నాయనను ‘ఇక ఇంటికి తీసుకెళ్ళండి’ అన్న రోజు నుంచి కల్యాణదుర్గం, రాయదుర్గం, మడకశిర పల్లెల్లో నర్సూ, ఫిజియోథెరపిస్టూ ఆ ఇంటివాళ్ళే. వాళ్ళకు ఆ పని నేర్పే బాధ్యతను మన వ్యవస్థలో ఎవరి మీదా పెట్టలేదు.

కోమా సాధారణంగా నాలుగు వారాలకు మించి ఉండదు. ఆలోగా మనిషి పోవచ్చు, తెలివిలోకి రావచ్చు, లేదా కళ్ళు తెరిచినా ఎరుక లేని స్థితిలో ఉండిపోవచ్చు. ఈ మూడో దారిలో పడ్డవారి ఇళ్ళలోనే ఆశ, భయం ఒకదాన్నొకటి తరుముతుంటాయి. ‘నా వైపు చూసినాడు’ అని భార్య అంటుంది. కండరం దానంతటదే కదిలిందని డాక్టరు అంటారు. ఇద్దరిలో ఎవరు చెప్పిందైనా నిజం కావచ్చు. బెల్జియంలో 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఎరుక లేదని వైద్య బృందాలు తేల్చిన 44 మందిని ప్రామాణిక పద్ధతిలో మళ్ళీ పరీక్షిస్తే 18 మందిలో ఎంతో కొంత ఎరుక కనిపించింది. ఎరుక గంటగంటకూ మారుతుంది. రౌండ్లకు వచ్చిన డాక్టరు ఉండే కొద్ది నిమిషాల్లో అది బయటపడకపోవచ్చు. రోజంతా పక్కన కూర్చున్న మనిషికి పట్టుబడుతుంది. అందుకే ఇంటివాళ్ళ మాటను ఆశ కింద కొట్టివేయకుండా కేసు షీటులో రాయాలి. ముఖానికి ఎదురుగా అద్దం పట్టి మెల్లగా పక్కకు జరిపితే చూపు దాని వెంట వస్తోందా, ‘చెయ్యి ఎత్తు నాయనా’ అంటే రెండు మూడు సార్లయినా ఎత్తుతున్నాడా, ఏ పూట ఎత్తాడు అన్నది ఒక నోటు పుస్తకంలో పెట్టుకుంటే డాక్టరుకు అదే పెద్ద ఆధారం.

ఇంటివాళ్ళ గొంతు విషయంలో కూడా కొంత పరిశోధన జరిగింది. అమెరికాలో థెరెసా పేప్ బృందం తలకు గాయమైన 15 మందిపై చేసిన ప్రయోగ ఫలితాలు 2015లో వచ్చాయి. కొందరికి వాళ్ళ సొంత మనుషులు చెప్పిన జ్ఞాపకాలను రోజుకు నాలుగు సార్లు, పదేసి నిమిషాలు, ఆరు వారాలపాటు వినిపించారు. వారి మెదడు ప్రతిస్పందన మెరుగుపడింది. పదిహేను మంది చాలా తక్కువే, దీన్నిబట్టి ఎవరికీ మాట ఇవ్వలేం. అయినా మనవాళ్ళు చేయదగ్గ పని ఇందులో ఉంది. చూడవచ్చిన పదిమందీ ఒకేసారి మాట్లాడడం, టీవీ మోగుతూ ఉండడం అలసిన మెదడుకు భారం. ఒకరే దగ్గర కూర్చుని, తానెవరో చెప్పి, బుడ్డలు (వేరుశనగ) పండిన ఏటి కథో పెళ్ళి సంగతో కాసేపు చెప్పి, విశ్రాంతి ఇవ్వాలి.

మాటల కన్నా కష్టమైనవి చేతి పనులు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే పుండ్లు పడతాయి. ముక్కు గొట్టంలో రాగిజావ పోసేటప్పుడూ, పోశాక కనీసం అరగంట సేపూ తల ఎత్తుగా ఉండాలి, లేకపోతే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. గొంతు దగ్గర పెట్టిన గొట్టంలో కఫం తీయాలి. కీళ్ళు బిగుసుకోకుండా రోజూ కదిలించాలి. దాడిలో మెదడు దెబ్బతిన్న నర్సు అరుణా శాన్‌బాగ్ ముంబయి కేఈఎం ఆసుపత్రిలో 1973 నుంచి 2015 దాకా మంచంలోనే ఉంది. అన్నేళ్ళు మంచాన ఉన్నా ఆమెకు పుండ్లు పడకుండా చూసుకున్న నర్సుల సేవను సుప్రీంకోర్టు 2011 తీర్పులో మెచ్చుకుంది. వాళ్ళు శిక్షణ పొందినవాళ్ళు, వంతులవారీగా పనిచేసినవాళ్ళు. కల్యాణదుర్గం పల్లెలో అదే పని ఒక్క కోడలు పగలూ రాత్రీ చేయాలి.

తెలివి వచ్చాక కూడా పని తగ్గదు. నటుడు సాయిధరమ్ తేజ్ 2021 సెప్టెంబరులో హైదరాబాదులో బైకు ప్రమాదం తరువాత కోమాలోకి వెళ్ళి బయటపడ్డారు. ఆ తరువాత మాట తడబడి, తిరిగి కూడగట్టుకోవలసి వచ్చిందని ఆయనే చెప్పారు. గొప్ప వైద్యం అందుబాటులో ఉన్న యువకుడి సంగతే అది. యాభై ఏళ్ళు దాటిన రైతుకు ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. కొందరు ఈ దశలో తిడతారు, కొడతారు, గొట్టాలు పీకేస్తారు. మెదడు కోలుకునేటప్పుడు ఇలా జరుగుతుందని ముందే చెప్పేవాళ్ళుంటే, నాయన మనసు మారిపోయిందని బిడ్డలు కుమిలిపోరు, మంచానికి కట్టేయరు.

ఇక డబ్బు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. బుడ్డల పంట పోతే కొడుకు బెంగళూరులో కూలికి పోతాడు. నాయన పడిపోయిన రోజున అతను తిరిగి వస్తే ఇంటికి వచ్చే కూలి ఆగుతుంది, రాకపోతే ఎత్తి తిప్పే చేతులుండవు. ఆపరేషనుకు ఆరోగ్యశ్రీ ఉంది కానీ ఈ నష్టాన్ని ఏ పద్దులోనూ రాయరు. 2019 డిసెంబరులో మొదలైన ఆరోగ్య ఆసరాలో కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు ఐదు వేలు మించకుండా ఇవ్వాలన్నారు. ఆలోచన మంచిదే, అయితే అది రోగి పోగొట్టుకున్న కూలికి లెక్కగట్టిన మొత్తం. పక్కనున్న మనిషి కూలి అందులో లేదు. 2024 జులై నుంచి పూర్తిగా మంచానికి పరిమితమైనవారికి పింఛను 15 వేల రూపాయలైంది. పెద్ద సాయమే. దానికి వైకల్యం సర్టిఫికెట్ కావాలి, సర్టిఫికెట్‌కు వైకల్యం స్థిరపడాలి. శ్రద్ధగా చూసుకుంటే మనిషి లేచే అవకాశం ఎక్కువగా ఉండే తొలి నెలలు ఆ ఎదురుచూపులోనే పోతాయి.

ఆ నెలల కోసం సంరక్షకులకు ఉపాధి హామీ కూలికి తగ్గని భృతి ఇవ్వాలి. మండలాల్లోని భవిత కేంద్రాల్లో ప్రత్యేక అవసరాల పిల్లలకు ఫిజియోథెరపీ ఇప్పించే ఏర్పాటు ఉంది. అదే పద్ధతిలో మంచాన ఉన్న పెద్దల ఇళ్ళకు వారానికి ఒక రోజు ఫిజియోథెరపిస్టును పంపాలి. వీటికి బడ్జెట్ కావాలి, చర్చ కావాలి. చర్చ అక్కరలేని పని ఒకటుంది. ఇంట్లో ఇద్దరు మనుషులు నర్సు ఎదుట తమ చేతులతో గొట్టంలో జావ పోసి, కఫం తీసి, పక్క తిప్పి చూపించే వరకు ప్రభుత్వాసుపత్రిలోనైనా, ఆరోగ్యశ్రీ బిల్లు తీసుకునే ప్రైవేటు ఆసుపత్రిలోనైనా డిశ్చార్జి కాగితం మీద సంతకం పడకూడదు. అందుకు కొత్త భవనాలు అక్కరలేదు, ఒక ఉత్తర్వు చాలు.