హెడ్‌ఫోన్ దగ్గరే ఆగిపోవాలా?

మదనపల్లె టమాటా మార్కెట్లో గంపలెత్తే తల్లి కొడుకు బెంగుళూరులో 'సాఫ్ట్‌వేర్'లో చేరాడంటే వాడంతా సంబరపడుతుంది. మేమూ పడ్డాం. అక్కడ ఏం పని చేస్తున్నావు నాయనా అని మాత్రం అడగలేదు. ఆలస్యంగా అడిగితే తెలిసింది. రాత్రంతా హెడ్‌ఫోన్ తగిలించుకొని, ఎవరిదో కంప్యూటర్ మొరాయిస్తే, ఎవరో పాస్‌వర్డ్ మర్చిపోతే, వాళ్ళ తిట్లు తింటూ సరిచేయడం. టెక్నికల్ సపోర్ట్ అంటారంట. ప్రోగ్రాములు రాసేవాళ్ళు వేరే. వాళ్ళ జీతం వేరు, వాళ్ళకిచ్చే మర్యాద వేరు.

ఆ పని తక్కువదని మేమనడం లేదు. (ఏ పనీ తక్కువ కాదని ఉపన్యాసమిచ్చే పెద్దమనిషి తన కొడుకును మాత్రం అందులో ఉంచడు, అది వేరే సంగతి.) కులం పనివాళ్ళనే మెట్లుమెట్లుగా విడదీసిందని అంబేద్కర్ 1936లోనే రాశారు. అద్దాల మేడల్లోనూ మెట్లున్నాయి. మనోళ్ళు కింది మెట్టు మీదే ఎందుకుండిపోతున్నారనేదే మా ప్రశ్న.

తెలివి లేకనా? పది, ఇంటర్, డిగ్రీ మూడింట్లోనూ అరవై శాతం ఉంటేనే పరీక్షకు రానిస్తాయి చాలా కంపెనీలు. పంట కోతలకు బడి మానిన మా పిల్లోడొకడికి పదిలో యాభై ఐదు శాతం వచ్చింది. డిగ్రీ పట్టా చేతికొచ్చినా ఆ అయిదు వాణ్ణి వదల్లేదు. 2005 నాటి 93వ సవరణ ప్రైవేటు కాలేజీ సీట్లలో రిజర్వేషన్‌కు దారి తెరిచింది. కొలువు సంగతి? 16(4) సర్కారు ఉద్యోగాలతోనే ఆగుతుంది.

పుంగనూరు దగ్గర మా దగ్గర చదివిన ఆడపిల్ల ఒకతె ఈ గోడ దాటింది. నాలుగేళ్ళు ఫోన్లెత్తింది. రోజూ వచ్చే ఒకే రకం ఫిర్యాదుకు పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాసుకుంది. లాగ్ ఫైళ్ళు చదవడం పట్టుబడింది. ముందు టెస్టింగ్ వాళ్ళలో చేరింది, ఆ పైన రాసేవాళ్ళలోకి పోయింది. "సార్, వాళ్ళు రాసింది ఎక్కడ మొరాయిస్తుందో వాళ్ళకన్నా మాకే బాగా తెలుసు" అనింది. ఎంత మాట! నాలుగేళ్ళు తిట్లు తిని సంపాదించిన చదువది.

అయితే ఆ పిల్లకు ఒక గది, స్నేహితురాలి ల్యాప్‌టాప్, రోజుకు రెండు గంటల టైము దొరికాయి. గదికి ఎనిమిదిమంది పడుకుని, జీతంలో సగం ఇంటికి పంపే పిల్లోడికి అవెక్కడివి? కుప్పం నుంచి రోజూ రైల్లో పోయొచ్చేవాళ్ళకైతే ఆ రెండు గంటలూ రైలే మింగుతుంది.

కుప్పానికి కంప్యూటర్ కొత్తేం కాదు. 2002లోనే హెచ్.పి. కంపెనీ అక్కడ ఐ-కమ్యూనిటీ అని మొదలుపెట్టింది. సమాచార కేంద్రాలు పెట్టారు, ఆడవాళ్ళ చేతికి కెమెరాలిచ్చారు. మంచిదే. కానీ వాడటం నేర్పితే చాలదు, తయారు చేయడం నేర్పాలి.

ఇప్పుడు ఫోనెత్తి జవాబు చెప్పే పనికి యంత్రాలొస్తున్నాయి. ముందు ఊడేది కింది మెట్టే. ప్రోగ్రాములూ యంత్రమే రాస్తోంది కదా అంటారా? రాస్తోంది. రాసింది తప్పో ఒప్పో తేల్చేదానికి మనిషి కావాల. మొరాయించే చోటు తెలిసినోళ్ళు మనోళ్ళే.

అయ్యవార్లం మేమూ తప్పు చేశాం. 'దొరికిందే చాలు, చేరిపో' అన్నాం. సంఘాలూ అంతే. ఏప్రిల్ 14న మైకుసెట్టు, ఫ్లెక్సీలు. తెల్లారితే అంబేద్కర్ భవనానికి తాళం. ఒక ఏడాది ఫ్లెక్సీల డబ్బుతో పాత కంప్యూటర్లు కొనొచ్చు. గోడ దాటినోళ్ళు నెలకొక ఆదివారం ఊరికొచ్చి కూర్చుంటే పాఠం నడుస్తుంది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాడల్లో ఏ భవనం తాళం ఎవరి దగ్గరుందో, ఎవరింట్లో ల్యాప్‌టాప్ ఊరికే పడి ఉందో, ఏ పిల్ల ఏ ఆదివారం రాగలదో రాసి పంపండి. తాళాలు అడిగేదానికి మేమొస్తాం.