ఆట మనది, మైకు ఎవరిది?

ప్రతి ఏడూ ఆగస్టు 9న మండల కేంద్రంలో షామియానా లేస్తుంది. ఆదివాసీ దినోత్సవం. దండారి రోజుల్లో తప్ప ముట్టకూడదని మా పెద్దలు చెప్పే నెమలి పింఛాల టోపీని వానాకాలంలో బయటికి తీస్తాం. అతిథుల కారు ఆగగానే డోలు మోగిస్తాం. కారు దగ్గర్నుంచి వేదిక దాకా ఆడుతూ తీసుకెళతాం. ఆ తర్వాత వాళ్లు కుర్చీల్లో కూర్చుంటారు, మనం కింద కూర్చుంటాం. రెండు గంటలు వాళ్లే మాట్లాడతారు. మన సంస్కృతి ఎంత గొప్పదో మనకే చెబుతారు. చివర్లో మన యువకుడు ఒకడికి మైకు అందుతుంది. దేనికి? వందన సమర్పణకు.

నేను ఉట్నూరు ఏజెన్సీలో గోండు ఇంట్లో పుట్టినవాణ్ని. ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా చేసి, చాలా ఏళ్లుగా గూడెం బడుల్లో పాఠాలు చెబుతున్నాను. ఆ సభల్లో ఎవరు ఆడాలి, ఎవరు మాట్లాడాలి అని కాగితం మీద వరస రాసేవాళ్లలో నేనూ ఒకణ్ని. అందుకే ఈ వ్యాసంలో తిట్లు మొదట నాకే.

'మన పిల్లలకు స్టేజీ భయం సార్, పుట్టుకతోనే బిడియం' అని తోటి ఉపాధ్యాయులు అంటుంటారు. ఈ మాట అబద్ధం. రాయ్ సెంటర్‌లో ఒక్కరోజు కూర్చొని చూడండి. గట్టు తగాదా వచ్చినా, పెళ్లి తగాదా వచ్చినా సార్ మేడి ముందు మనిషి లేచి నిలబడి గోండీలో తన పక్షం చెప్పుకుంటాడు. చేతిలో కాగితం ఉండదు. ఎప్పుడు ఏం జరిగింది, ఎవరు చూశారు, ఇప్పుడు ఏం కావాలి, అన్నీ వరసగా వస్తాయి. మా పర్ధాన్లు కీక్రి వాయిస్తూ రాత్రంతా కథ చెబుతారు. కోయ డోలి కథకుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. వీళ్లంతా ఏ వ్యక్తిత్వ వికాస తరగతులకు వెళ్లారు?

మరి మాటలు వచ్చిన ఇంట్లో పుట్టిన పిల్లవాడికి నోరు ఎక్కడ మూతపడింది? మన బడిలోనే. ఒకటో తరగతిలో వాడు గోండీలో ఏదో చెప్పబోతే 'తెలుగులో చెప్పు' అంటాం. తెలుగులో చెప్పబోయి 'సార్, నువ్వు' అంటే 'మర్యాద లేదా?' అని గద్దిస్తాం. వాడు మర్యాద తప్పలేదు, తనకు వచ్చిన తెలుగులో మాట్లాడాడు. రెండు దెబ్బలు తిన్నాక మౌనమే క్షేమమని నేర్చుకుంటాడు. పదేళ్ల తర్వాత మనమే వాడికి బిడియం అని పేరు పెడతాం.

నా సంగతి చెబుతాను. ఆశ్రమ పాఠశాలలో ఐదో తరగతిలో ఉండగా ఆగస్టు 15కు నాకు ఒక ఉపన్యాసం రాసిచ్చారు. అందులో సగం మాటలకు అర్థం తెలియదు. వారం రోజులు బట్టీ పట్టాను. సగం చెప్పాక మరిచిపోయాను. అందరూ నవ్వారు. తర్వాత శిక్షణ రోజుల్లో నేను పాఠం చెబితే, పాఠం ఎలా ఉందో ఎవరూ చెప్పలేదు, యాస మార్చుకోమన్నారు. అప్పటి నుంచి నోరు తెరిచే ముందు ప్రతి మాటకూ లోపలే ఇస్త్రీ చేయడం నాకు అలవాటైంది. ఆ అలవాటు ఎంత చేటు చేసిందో ఒక గ్రామసభలో తెలిసింది.

కొన్నేళ్ల కింద పక్క గూడెంలో అటవీ హక్కుల మీద సభ జరిగింది. ఒక రైతు దరఖాస్తుకు ఆధారాలు లేవని వచ్చిన అధికారి అన్నాడు. జనంలోంచి ఒక అవ్వ లేచింది. ఆ రైతు ఆమెకు చుట్టం కూడా కాదు. గోండీలో గట్టిగా చెప్పింది: 'నేను ఈ గూడేనికి కోడలిగా వచ్చిన నాడే ఆ చేను దున్నుతున్నారు. వీడి తాతను అక్కడే పూడ్చాం. ఆ రాయి ఇంకా ఉంది. ఆ బావి తవ్వినప్పుడు నేను మట్టి మోశాను. వచ్చి చూడు.' అధికారి నా వైపు తిరిగి 'ఏమంటోంది మాస్టారూ?' అన్నాడు. నేను చేతులు కట్టుకొని లేచాను. 'సార్, వాళ్లు చాలా పేదవాళ్లట సార్, కొంచెం దయచూడమంటోంది' అన్నాను.

ఆమె సాక్ష్యం చెప్పింది. నేను దాన్ని భిక్షగా మార్చాను.

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని నియమాలు 2008 జనవరి 1 నుంచి అమలయ్యాయి. వాటిలో 13వ నియమం ఏవేవి ఆధారాలో చెబుతుంది. బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు ఆధారాలు. దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పిన మాటను రాసుకుంటే అదీ ఆధారమే. అంటే అవ్వ అన్న ప్రతి మాటా చట్టం అడిగిన మాటే. చదువు లేని ఆమె నోటి నుంచి వచ్చిన ఆధారం చదువుకున్న నా నోట్లో పోయింది. ఆ అవ్వ ఇప్పుడు లేదు. ఆమె మాట ఏ కాగితం మీదా లేదు. నాకు ఆ రోజు తెలుగు రాక కాదు. కావలసినదానికన్నా ఎక్కువ వినయం వచ్చింది, అదే ముంచింది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఉపన్యాస కళ అంటే టై కట్టుకొని, చేతులు తిప్పుతూ, పక్క రాష్ట్రం యూట్యూబ్ వక్తలా మాట్లాడటం కాదు. మన దగ్గర మాట పోతే భూమి పోతుంది. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం రెండూ గ్రామసభను నమ్ముకొని నడిచేవే. సభలో మనం ఊరుకుంటే, 'ఎవరూ అభ్యంతరం చెప్పలేదు' అని రాసుకోవడం ఎంతసేపు?

మాట్లాడితే ఏమవుతుందో నియంగిరి చూపించింది. ఒడిశాలో బాక్సైట్ తవ్వకం సంగతి గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. 12 పల్లెల్లో సభలు జరిగాయి. డోంగ్రియా కోందులు జిల్లా జడ్జి ముందు నిలబడి తమ భాషలో, తమ కొండ గురించి, తమ దేవుడి గురించి మాట్లాడారు. 12 పల్లెలూ వద్దన్నాయి. వాళ్లలో ఎంతమందికి మైకు పట్టుకోవడం తెలుసు?

అంతకు చాలా ముందు 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, 1928 ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టుకు నాయకుడు. మనల్ని తిట్టడానికి వాడే 'జంగ్లీ' అన్న మాటనే తన పేరుగా, గర్వంగా చెప్పుకున్నాడు. 1949లో భాషల జాబితా వచ్చినప్పుడు ముండారీ, ఒరావ్‌లతో పాటు మన గోండీనీ చేర్చాలని అడిగాడు. ఇంగ్లీషు నేర్చాడు, కానీ దానికి లొంగలేదు. 'తెలుగు, ఇంగ్లీషు రాకపోతే పోటీలో ఎలా?' అని అడిగేవారికి నా జవాబు ఇదే. రెండూ నేర్పుదాం, బాగా నేర్పుదాం. కానీ సొంత భాషలో నోరు తెరిచినవాడే పరాయి భాషలోనూ ధైర్యంగా తెరుస్తాడు.

మన మాట వృథా అనుకునేవాళ్లకు ఇంకొకటి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి గురించి సభ పెట్టుకోబోతేనే తుపాకులు పేలాయి. మన మాటకు విలువే లేకపోతే దాన్ని ఆపడానికి అంత దూరం వచ్చేవారా?

తప్పంతా బయటివాళ్ల మీద నెట్టను. మన యువ నాయకులు మైకు దొరికితే గంటసేపు నినాదాలే ఇస్తారు, దిగాక ఏం అడిగారో ఎవరికీ గుర్తుండదు. మన పెద్దలు ఆడపిల్ల లేస్తే 'కూర్చో' అంటారు. అటవీ హక్కుల గ్రామసభకు కనీసం సగం మంది రావాలి, అందులో మూడో వంతు ఆడవాళ్లుండాలి. తలలు లెక్కపెట్టడానికి మాత్రమే వాళ్లను పిలిస్తే మనకూ ఆ అధికారికీ తేడా ఏమిటి?

ఉపాధ్యాయులు చేయవలసింది పెద్ద పనేమీ కాదు. రోజూ పది నిమిషాలు ఒక పిల్లవాణ్ని నిలబెట్టి నిన్న ఇంటి దగ్గర చూసిందేదో చెప్పమనండి. ఏ భాషలోనైనా సరే. మాట్లాడుతుండగా తప్పు దిద్దకండి, పూర్తయ్యాక ఒక్కటి దిద్దండి. రాసిచ్చిన ఉపన్యాసాలు బట్టీ పట్టించడం మానండి. పెద్ద తరగతుల వాళ్లతో బడిలోనే గ్రామసభ ఆడించండి. ఒకరు అధికారి, ఒకరు అవ్వ, ఒకరు మధ్యలో భాష మార్చి చెప్పేవారు. అవ్వ 'నేను చూశాను' అంటే అతను కూడా 'నేను చూశాను' అనే చెప్పాలి. ఒక్క 'దయచేసి' కూడా కలపకూడదు.

యువకులు సభకు వెళ్లేముందు మూడు మాటలు సిద్ధం చేసుకోండి: ఏం జరిగింది, ఎవరు చూశారు, మాకేం కావాలి. ముందు మీ భాషలో అనుకోండి, తర్వాత తెలుగులో చెప్పండి. గొంతు వణికితే వణకనివ్వండి. సంతకం పెట్టేముందు తీర్మానాన్ని పైకి చదవమనండి. మీరు అన్నది అందులో లేకపోతే కలం ముట్టకండి.

వచ్చే ఆగస్టు 9కి మా మండలంలో వరస రాసే కాగితం మళ్లీ నా చేతికి రావచ్చు. ఈసారి మొదటి మాట ఒక గూడెం ఆడబిడ్డది, గోండీలో. అతిథులకు అర్థం కాకపోతే తెలుగులో చెప్పడానికి నేనుంటాను. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెబుతాను.