ఆ పిల్లకు ఇరవై ఏళ్లకే కితాబ్, మన ఖాన్ సాబ్‌కు ఏదీ?



పోయిన జుమా రోజు పెదవేగిలో మా ఇంట్లో ఒక చిన్న ముచ్చట జరిగింది. ఇంటర్ చదివే మా బేటీ యుస్రా మార్దీనీ ఆత్మకథ 'బటర్‌ఫ్లై' చదవడం పూర్తి చేసి నా దగ్గరికి వచ్చింది. యుస్రా డమాస్కస్ అమ్మాయి. 2015లో జంగ్ నుంచి పారిపోతూ టర్కీ నుంచి గ్రీసుకు రబ్బరు పడవ ఎక్కింది. ఆరేడుగురు పట్టే పడవలో ఇరవై మంది దాకా ఉన్నారు. నడిసముద్రంలో ఇంజను ఆగిపోతే ఆమె, ఆమె అక్క సారా, ఇంకో ఇద్దరు నీళ్లలోకి దిగి మూడు గంటలకు పైగా ఆ పడవను కాపాడుకొచ్చారు. మరుసటి ఏడు రియో ఒలింపిక్స్‌లో శరణార్థుల టీము తరఫున 100 మీటర్ల బటర్‌ఫ్లై ఈది తన హీట్‌లో మొదట వచ్చింది.

"అబ్బా, మన తెలుగు ముసల్మానుల్లో ఇలాంటి ఈతగాళ్లు లేరా?" అని అడిగింది బేటీ.

"ఎందుకు లేరు బేటా? షంషేర్ ఖాన్ సాబ్ ఉన్నారు. రేపల్లె దగ్గర కైతేపల్లి ఆయనది. ఫౌజీ. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఈదారు" అన్నాను ఫఖ్ర్‌గా.

"అయితే ఆయన కితాబ్ ఇవ్వండి, చదువుతా."

నా దగ్గర జవాబ్ లేదు. ఆ షరమ్‌తోనే ఇది రాస్తున్నాను.

ఖాన్ సాబ్ 2017 అక్టోబరులో ఇంతెఖాల్ అయ్యారు. ఎనభై ఏళ్లు దాటిన జిందగీ. అన్నేళ్లలో మన ఖౌమ్ నుంచి ఒక్కరైనా నోట్‌బుక్ పట్టుకుని వెళ్లి, "ఖాన్ సాబ్, మొదటిసారి ఏ చెరువులో దిగారు? ఎవరు నేర్పారు? అంత దూరం వెళ్లినప్పుడు దిల్‌లో ఏముంది?" అని అడిగి కూర్చుని రాసి ఉంటే, ఈ రోజు మా బేటీ చేతిలో ఆ కితాబ్ ఉండేది. మనం ఏం చేశాం? ఆయన పోయాక ఫోటో మీద "ఒలింపిక్స్‌లో ఈదిన తొలి భారతీయుడు" అని రాసి వాట్సాప్‌లో తిప్పాం.

అది గలత్ భాయ్! అంతకు నాలుగేళ్ల ముందే, 1952 హెల్సింకీలో ఆరతి సాహా, డాలీ నజీర్ అనే ఇద్దరు అమ్మాయిలు మన దేశం తరఫున ఈదారు. ఖాన్ సాబ్ అసలు ఘనత వేరే. బటర్‌ఫ్లై ఈతకు ఒలింపిక్స్‌లో విడిగా పోటీ పెట్టిందే 1956లో. ఆ మొట్టమొదటి పోటీలో నీళ్లలోకి దూకినవాళ్లలో మన ఖాన్ సాబ్ ఒకరు. అరవై ఏళ్ల తర్వాత రియోలో యుస్రా ఈదిందీ బటర్‌ఫ్లైయే. నిజం ఇంత ఖూబ్‌సూరత్‌గా ఉంటే మనం అబద్ధం మోశాం. ఆయన మాట ఆయన నోట రాసి ఉంచకపోతే జరిగేది ఇదే.

కొందరు బుజుర్గ్‌లు అంటారు: "మన గురించి మనం రాసుకోవడం తకబ్బుర్ కదా బేటా?" మాఫ్ చేయండి, నేను ఒప్పుకోను. ఒక్క హదీస్ కోసం ఎవరు చెప్పారు, ఎవరి దగ్గర విన్నారు, ఆ రావీ ఎలాంటి మనిషి అని వేల మంది జిందగీలు రాసి పెట్టిన ఉమ్మత్ మనది. గొప్పలు చెప్పుకోవడం వేరు, గవాహీ ఇవ్వడం వేరు.

"రాయడం అందరికీ వస్తుందా?" అని ఇంకొకరు. యుస్రా కూడా ఒంటరిగా రాయలేదు, పక్కన కూర్చుని రాసేవాళ్లు ఉన్నారు. 2018లో ఆ కితాబ్ వచ్చేనాటికి ఆమెకు ఇరవై ఏళ్లే. మన దగ్గర చదువుకున్న పిల్లలు, ఫోనులో రికార్డింగు, ఫుర్సత్, అన్నీ ఉన్నాయి. నియ్యత్ ఒక్కటే లేదు. బుజుర్గ్‌ని స్టేజీ ఎక్కించి, శాలువా కప్పి, బిర్యానీ తినిపించి పంపేస్తాం. ఆయన మాట మాత్రం వినం.

మా పెదవేగి మట్టిలో శాలంకాయన రాజుల రాగి శాసనాలు దొరికాయి. పదిహేను వందల ఏళ్లు దాటినా నందివర్మ పేరు మనకు తెలుసు. ఎందుకు? రాయించి పెట్టాడు కాబట్టి.

వేరేవాళ్లను అనే ముందు నా తప్పు కూడా చెప్పుకోవాలి. తమ్మిలేరు పొంగినప్పుడు మా దాదా ఈదుకుంటూ వెళ్లి పొరుగింటి పశువుల్ని గట్టుకు చేర్చారని అమ్మీ అంటుంది. ఏ సంవత్సరం? ఎన్ని పశువులు? వెంట ఎవరున్నారు? అడగాల్సిన వయసులో నేను అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన ఖబరస్తాన్‌లో ఉన్నారు.

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి పల్లెల్లోని భాయియో, బెహనో, మీ ఇంట్లో డెబ్బై దాటిన నానీ గానీ దాదా గానీ ఉంటే ఈ జుమా నమాజ్ తర్వాత వాళ్ల మంచం పక్కన కూర్చోండి. ఫోను ఆన్ చేసి, "చిన్నప్పుడు ఎక్కడ ఈత నేర్చుకున్నారు?" అని మొదలుపెట్టండి. మిగతాది వాళ్లే చెబుతారు. నేను అమ్మీతో మొదలుపెట్టాను. రాసేది మా బేటీ.