జోడించిన చేతులు

దేవుని ముందు చేతులు జోడిస్తాం. ఆ చేతులే సాటి మనిషిని తాకడానికి ఎందుకు వెనుదీస్తాయి? ‘నేను’ అన్న భావం అడ్డుపడుతుంది కనుక.

ఒకనాటి విజయనగరం జిల్లాలోని సాలూరులో క్రైస్తవ మిషనరీలు నెలకొల్పిన కుష్ఠు ఆసుపత్రి పేరు ఫిలడెల్ఫియా. గ్రీకు భాషలో ఆ మాటకు సోదర ప్రేమ అని అర్థం. కుష్ఠు రోగిని ఏసు చేయి చాచి తాకాడని సువార్తలు చెబుతాయి. లోకం వెలివేసిన వారి గాయాలకు కట్టుకట్టడాన్ని ఆరాధనగా మార్చింది ఆ విశ్వాసమే.

కుష్ఠు నరాలను దెబ్బతీసి స్పర్శను హరిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సతో అది నయమవుతోంది. పరుల నొప్పిని తెలియనీయని అహంకారానికి మాత్రం మాత్రలు లేవు. నరునిలో నారాయణుని చూచి సేవించడమే దానికి ఔషధం. పూజలో జోడించిన చేతులను నేడు ఒక ఆర్తుని కోసం చాచండి.