నిచ్చెన దిగిన నాయకుడు

పనివాడొకడు నాయకుడైనాడని వినగానే మన పెద్దమనుష్యులు రెండు మాటలలో ఏదో ఒకటి యందురు. మెచ్చువారు ‘అడుగునుండి పైకి వచ్చినా’డందురు, మెచ్చనివారు ‘పని మాని ఉపన్యాసములకు మరగినా’డందురు. ఈ రెండు మాటలును ఒకే పొరపాటునుండి పుట్టినవి. కార్మికనాయకత్వమును నిచ్చెనగా తలచుటయే ఆ పొరపాటు. శంకర్ గుహా నియోగి చరిత్ర చదివినవా డెవ్వడును మరల ఆ మాట యనజాలడు.

1943లో బెంగాలీ కుటుంబమున జన్మించిన నియోగి అసలు పేరు ధీరేశ్. భిలాయి ఉక్కు కర్మాగారమున పని నేర్చి, కోక్ ఓవెన్ విభాగమున నిపుణకార్మికు డయ్యెను. తన జీతము తాను చూచుకొనియున్న నిశ్చింతగా నుండెడివాడే. తోటివారిని కూడగట్టి ఆ పని పోగొట్టుకొనెను. పిమ్మట పేరు మార్చుకొని పల్లెలు తిరిగెను; దానీటోలా గనిలో రాళ్లు కొట్టెను; అక్కడి శ్రామికురాలినే వివాహమాడెను. ఉక్కుకొలిమినుండి రాతిగనికి వచ్చుట ఎక్కుటయా, దిగుటయా? ఆయన నాయకత్వము ఆ దిగుటలోనే పుట్టినది.

బస్తరు అడవులకు ఉత్తరపుటంచున నున్న దల్లీరాజహరాలో భిలాయికి ఇనుపరాతిని త్రవ్వియిచ్చు ఠేకాకూలీలు వేలకొలది యుండిరి. పని ఒక్కటే, శాశ్వతకార్మికునకొక బోనసు, ఠేకాకూలీకి అందులో కొద్దిభాగము. ఉన్న సంఘములు ఈ భేదమునకు సమ్మతింపగా, కూలీలు 1977లో తమ సంఘమును తామే స్థాపించుకొని, అత్యవసరస్థితి చెరనుండి వెలువడిన నియోగిని పిలుచుకొనిరి. ఆ జూన్ 2, 3 తేదీలలో పోలీసులు కాల్చగా పదునొకండుగురు మరణించిరి. వారిలో ఒక స్త్రీయు, ఒక బాలుడును కలరు. సంఘము చెదరలేదు.

‘సంఘమునకు కూలిరేట్లతోనే పని, సారాయితో, ఆసుపత్రితో నేమి పని?’ యని కొందరు ఆక్షేపించిరి. పెరిగిన కూలి సాయంకాలమునకు సారాదుకాణము చేరునెడల పెరిగిన దెవ్వరికి? అందుచేతనే ఆ సంఘము మద్యముపై పోరాడెను. మృతుల పేర షహీద్ ఆసుపత్రిని తన చందాలతో, తన చెమటతో నిర్మించి 1983లో తెరచెను. అడుగుటయే కాదు, కట్టుటయు సంఘధర్మమని అది చూపినది.

‘యంత్రమునకు అడ్డుపడెను’ అనునది మరియొక నింద. బస్తరు నడిబొడ్డున బైలాడిలాను చూడుడు. అక్కడి ఇనుము కిరందుల్‌నుండి కొత్తవలస మీదుగా విశాఖరేవునకు దిగి జపానుకు పోయెను. యంత్రముల రాకతో తొలగింపబడిన కూలీలు పని యడిగిరి. 1978 ఏప్రిల్ 5న కిరందుల్‌లో వారికి తుపాకిగుండ్లు దొరకెను. నియోగి యంత్రమును ద్వేషింపలేదు. మనిషి చేయగల పనిని మనిషికి విడిచి తక్కినదానిని యంత్రమున కిమ్మని అర్ధయాంత్రీకరణ ప్రణాళికను ముందుంచెను. దీనిని మూర్ఖత్వమనువారు ఒక్క ప్రశ్నకు బదులు చెప్పవలెను: కొండ ఎవరిదో వారి కడుపు మాడ్చి తెచ్చు ప్రగతి ఎవరి ప్రగతి?

1991 సెప్టెంబరు 28న భిలాయిలో నిద్రించుచున్న నియోగిని కాల్చి చంపిరి. 1997లో దుర్గు న్యాయస్థానము పారిశ్రామికులను సైతము దోషులనెను. 1998లో ఉన్నతన్యాయస్థానము అందరిని విడుదల చేసెను. 2005లో సుప్రీంకోర్టు తుపాకి పేల్చినవానిని మాత్రమే దోషిగా నిలిపెను. పేల్చినవాడెవ్వడో తేలినది, ఏల పేల్చినదియు తేలలేదు.

దల్లీరాజహరా ఇనుము తరుగుచున్నకొలది భిలాయి కొలిమి బస్తరులోని రావ్‌ఘాట్ కొండలవైపు చూపు సారించినది. రైలుపట్టాలు ఆ దిక్కుననే సాగినవి. అచటి గోండు యువకునకు పని నేర్పుదుమని వాగ్దానములు చేయువారు కలరు; మంచిదే. కాని పని నేర్చినవాడు ప్రక్కనున్న ఠేకాకూలీని మరచి తానొక్కడే మెట్లెక్కునెడల, ఆ కొండ తరిగిననాడు వానికిని నిలువ నేల యుండదు.