జిమ్నాస్టిక్సు – దేహపరిమాణము

జిమ్నాస్టిక్సున జయము పొట్టివారి సొత్తను నమ్మకము లోకమున ప్రబలియున్నది. ఇందు సత్యాంశము లేకపోలేదు. కాని యా సత్యమునకు గల హద్దును గుర్తింపనిచో నది పసిబిడ్డల యారోగ్యమునకే ముప్పు తెచ్చును.

మొదట సత్యాంశమును విచారింతము. ఒకే పోలికగల యిరువురిలో నొకరు రెండవవారికంటె పదవవంతు పొడగరి యనుకొందము. కండరముల బలము వాని మందము ననుసరించును గనుక, అది నూటికి 21 వంతులు మాత్రమే హెచ్చును. బరువో, 33 వంతులు హెచ్చును. గాలిలో పల్టీకొట్టునపుడు దేహమును త్రిప్పుటకు వలయు ప్రయాస 61 వంతులు హెచ్చును. భారమునకు తగినట్లు బలము పెరుగకపోవుటచేతనే పొడగరులకీ క్రీడ కష్టసాధ్యమగుచున్నది. 142 సెంటీమీటర్ల పొడవుగల అమెరికా వనిత సిమోన్ బైల్స్ 2016 రియో ఒలింపిక్సున నాలుగు స్వర్ణపతకములు గెలుచుటలో నీ ప్రకృతిధర్మము కొంత తోడ్పడినదనుట నిస్సంశయము.

అయినను ప్రకృతిధర్మము తలవ్రాత కాదు. రష్యా వనిత స్వెత్లానా ఖోర్కినా 165 సెంటీమీటర్ల పొడగరి. ఆమె తన నిడుపైన యవయవములనే సొగసుగా మలచుకొని, 1996, 2000 ఒలింపిక్సులలో హెచ్చుతగ్గు కడ్డీలపై స్వర్ణము గెలిచెను. పరుగిడి యెగిరి దుమికెడి వాల్టునకు పాదములే యాధారము. అగర్తలాకు చెందిన దీపా కర్మాకర్ చదునైన పాదములతో పుట్టియు, కఠోరసాధనచే 2016లో రియోయందు వాల్టున నాలుగవ స్థానము నందుకొనెను. కంచుపతకమునకు తక్కువైనది 0.15 మాత్రమే. 2018లో మన హైదరాబాదు యువతి బుద్దా అరుణారెడ్డి మెల్‌బోర్న్ ప్రపంచకప్పు పోటీలలో వాల్టున కంచుపతకము గెలిచెను.

వయస్సు విషయమును గూడ నిట్లే చూడవలెను. సోవియట్ వనిత లారిసా లాటినినా తల్లియైన పిదప కూడ గెలుచుచు, 1956 మొదలు 1964 వరకు తొమ్మిది ఒలింపిక్ స్వర్ణములు సంపాదించెను. 1976లో మాంట్రియల్‌నందు పదునాలుగేండ్ల నాదియా కొమనెచి పదికి పది మార్కులు పొందిన పిమ్మట, బాలిక దేహమే యాదర్శమను భావము గట్టిపడెను. అప్పటినుండి పెరుగుటయే యొక లోపముగా నెంచబడెను. అమెరికా క్రీడాకారిణి క్రిస్టీ హెన్రిచ్ బరువు తగ్గవలెనను తహతహచే నాహారము విడిచి, వ్యాధిగ్రస్తయై, 1994లో ఇరువదిరెండవ యేట మరణించెను. బరువు పేరిట శిక్షకులు బాలికలను వేధించిన వైనమును బ్రిటనున 2022లో వెలువడిన విచారణ నివేదికయు బయలుపరచినది.

నియమములు మారినచో ఫలితములును మారును. 1997 నుండి పెద్దల పోటీలకు కనీస వయస్సు 16 ఏండ్లుగా నిర్ణయింపబడెను. 2024లో పారిస్ ఒలింపిక్సున సర్వాంశ పోటీలో పతకములందిన మువ్వురు వనితల వయస్సులు 27, 25, 21. ఎదిగిన స్త్రీలే యచట అగ్రస్థానముల నందిరి.

కావున సంతలో కోడెదూడలను నిదానించినట్లు బిడ్డల యెముకలను కొలిచి భవిష్యత్తును తేల్చుట తగదు. దేహమునకు తగిన యంశమును శిక్షకుడు వెదకవలెనే కాని, అంశమునకు తగినట్లు దేహమును మాడ్చరాదు. పదిమందియెదుట బిడ్డలను తూచుట మానవలెను. ఎదుగుదలను వైద్యుడు కనిపెట్టుచుండవలెను. పతకమునకై బిడ్డ కూటిని తగ్గింపుమను శిక్షకునికి తమ సంతానము నప్పగింపకుండుట తలిదండ్రుల ప్రథమ కర్తవ్యము.