పెట్టెకు ఎనిమిదే!

సెల్‌ఫోన్‌లో ఎన్ని ఫొటోలున్నాయో ఎవరినైనా అడగండి. వేలల్లో చెబుతారు. పోయినేడు పెళ్లిలో తాతయ్యతో దిగినది ఒక్కటి చూపించమనండి... వేలితో తోస్తూనే ఉంటారు! ఇలాంటి రోజుల్లో పెట్టెకు ఎనిమిదే ఫొటోలొచ్చే ఫిల్మును డబ్బు పోసి కొనేవాళ్లున్నారంటే నమ్ముతారా? ఉన్నారు. వాళ్లలో డిజిటల్ కాలంలో పుట్టిన కుర్రకారూ ఉన్నారు!

ఆ ఫిల్ము పేరు పోలరాయిడ్. దాని కథ ఓ పసిపిల్ల ప్రశ్నతో మొదలైంది. 1943లో అమెరికాలో ఎడ్విన్ లాండ్ అనే శాస్త్రవేత్త మూడేళ్ల కూతురికి ఫొటో తీశాడు. 'ఇప్పుడే ఎందుకు చూడకూడదు నాన్నా?' అని అడిగిందట ఆ పాప. ఆయన ఆ ప్రశ్న వదల్లేదు. 1948లో నిమిషంలో ఫొటో చేతికిచ్చే కెమెరా బజారులోకి వచ్చింది. సరిగ్గా అరవై ఏళ్లకు, 2008లో, డిజిటల్ దెబ్బకు ఫిల్ము తయారీ ఆపేస్తున్నట్టు సంస్థ ప్రకటించింది.

నెదర్లాండ్స్‌లోని ఎన్‌షెడే పట్టణంలో మూతపడుతున్న కర్మాగారం యంత్రాలను కొందరు అభిమానులు కొనేశారు. అక్కడ పనిచేసినవాళ్లు కొందరు వాళ్లతో చేరారు. యంత్రాలున్నాయి, పని తెలిసిన మనుషులున్నారు. అయినా పాత ఫిల్ము రాలేదు! కావాల్సిన రసాయనాల్లో చాలావాటి తయారీ అప్పటికే ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచీ కనిపెట్టాల్సి వచ్చింది. 2010లో వచ్చిన కొత్త ఫిల్ములో, ఫొటో బయటికి రాగానే వెలుతురు తగలకుండా దాచుకోవాలి. అయినా జనం కొన్నారు, ఓపిక పట్టారు. 2020 నుంచి ఆ సంస్థ మళ్లీ పోలరాయిడ్ పేరుతోనే నడుస్తోంది. ఒకప్పుడు పెట్టెకు పది ఫొటోలు, ఇప్పుడు ఎనిమిదే. రంగుల బొమ్మ పూర్తిగా తేలడానికి పావుగంట!

మరి ఎందుకీ మోజు? ఎనిమిదే ఉన్నాయంటే మీట నొక్కేముందు ఓ క్షణం ఆలోచిస్తాం. ఎదుటి మనిషిని సరిగ్గా చూస్తాం. వచ్చిన బొమ్మకు నకలుండదు కాబట్టి జాగ్రత్తగా దాచుకుంటాం.

దీనికోసం మనం ఖరీదైన కెమెరా కొననక్కర్లేదు. ఏడాదికో పది ఫొటోలు ఎంచి స్టూడియోలో ప్రింటు వేయించండి. వెనక పేర్లు, తేదీ రాయండి. పాత ఆల్బమ్‌లో ఉన్నవాళ్లెవరో చెప్పగలిగే పెద్దలు ఇంట్లో ఉంటే, ఈ ఆదివారమే పక్కన కూర్చుని అడగండి. రసాయనాలనైతే మళ్లీ కనిపెట్టారు. ఆ పేర్లు చెప్పే మనిషి పోతే, కనిపెట్టేవాళ్లుండరు.